ఊరు తొడిగిన నల్లకోటు

రాత్రి. పక్క మీద అన్నాచెల్లెళ్ళు. చెల్లి నిద్రపోదు, కథ చెప్పమంటుంది. అన్నకి పదేళ్ళు కూడా నిండలేదు. వాడికి తెలిసిన కథ ఒక్కటే. అనగనగా ఒక రాజు. ఆయనకో కొడుకు, ఓ కూతురు. ఒకరోజు దుర్మార్గులొచ్చి రాజుని పట్టుకుపోయారు. పోతూ పోతూ రాజు కొడుకుని పిలిచి, మన బంగారం జోలికి ఎవడొచ్చినా వదిలిపెట్టకని చెప్పాడు. కొన్నాళ్ళకి ఆ దుర్మార్గులు మళ్ళీ వచ్చారు...

సరిగ్గా ఆ మాట దగ్గర చెల్లి గోడకేసి వేలు చూపిస్తుంది. గోడ మీద నీడ. వెడల్పాటి అంచున్న టోపీ, దాని కింద తల, మెడ. కదలదు. అన్న లేచి కిటికీలోంచి చూస్తాడు. కంచె అవతల, వీధిదీపం దగ్గర ఒక మనిషి నిలబడి ఇంటికేసే చూస్తున్నాడు. ‘ఎవరో మనిషిలే’ అని చెల్లికి సర్దిచెప్పి పడుకుంటాడు. ఆ మనిషి నింపాదిగా కదిలిపోతాడు. పోతూ పోతూ చర్చిపాట పాడుకుంటాడు.

భక్తిపాట వింటే వెన్నులో వణుకు పుట్టడమేమిటి? 1955లో వచ్చిన ‘ది నైట్ ఆఫ్ ది హంటర్’ చూసినవాళ్ళని అడగండి, చెబుతారు.

ఇప్పుడెందుకీ పాత నలుపు-తెలుపు సినిమా అంటారా? ఈమధ్య ఓటీటీలో క్రైం కథ పెట్టుకుంటే చాలు, ఎక్కడో ఒకచోట దేవుడి మనిషి తగులుతున్నాడు. 2020లో బాబీ డియోల్ ‘ఆశ్రమ్’ బాబాగా వచ్చాడు. అదే ఏడాది మలయాళంలో ‘ట్రాన్స్’లో ఫహద్ ఫాజిల్‌ని ఇద్దరు వ్యాపారులు కూర్చోబెట్టి, తర్ఫీదిచ్చి, పాస్టరుగా తయారుచేశారు. 2025 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌కొచ్చిన ‘వేక్ అప్ డెడ్ మ్యాన్’లో హతుడే ఓ చర్చి పెద్ద, సంఘాన్ని కోపంతో, భయంతో గుప్పెట్లో పెట్టుకున్నవాడు. మా ఇంట్లో సరదాగా ఓ పందెం కూడా మొదలైంది: అరగంటలోపు జపమాల పట్టుకున్నవాడెవడైనా తెరమీదకొస్తే వాడే దొంగ. ఎక్కువసార్లు గెలుస్తున్నాం.

గెలవడం ఇంత తేలికైందంటే పాత్ర అరిగిపోయిందనే అర్థం. అందుకే ఒకసారి వెనక్కి వెళ్ళి, వీళ్ళందరికీ పెద్దన్నలాంటి ఆ టోపీవాణ్ణి చూడాలనిపించింది. వాడి పేరు హ్యారీ పవెల్. వాడి భయం ఇంకా అరగలేదు. వాడిలో ఉన్నదేమిటి, ఈ కొత్తవాళ్ళలో లేనిదేమిటి?

పదివేల డాలర్ల బొమ్మ

కథ అమెరికాలో, ఒహాయో నది ఒడ్డున, 1930ల కరువు రోజుల్లో. బెన్ హార్పర్ అనే తండ్రి ఇద్దర్ని చంపి, బ్యాంకు దోచి, పదివేల డాలర్లతో ఇంటికి పరిగెత్తుకొస్తాడు. ఆ నోట్లని కూతురు పెర్ల్ ఆడుకునే గుడ్డబొమ్మ కడుపులో దాస్తాడు. ఎవరికీ చెప్పనని కొడుకు జాన్ చేత ఒట్టు వేయించుకుంటాడు. పిల్లల కళ్ళముందే పోలీసులు తండ్రిని నేలమీద పడేసి బేడీలు వేస్తారు.

జైల్లో ఆయన గదిలోనే పవెల్ ఉంటాడు. కారు దొంగతనానికి నెల రోజుల శిక్ష. అంతకుముందు చంపిన విధవరాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. బెన్ నిద్రలో కలవరిస్తుంటే డబ్బు ఇంటి దగ్గరే ఉందని పసిగడతాడు. బెన్‌ని ఉరితీస్తారు. పవెల్ విడుదలవుతాడు. నల్లకోటు, నల్లటోపీ, చేతిలో బైబిలు, జేబులో బటన్ నొక్కితే విచ్చుకునే కత్తి. కుడిచేతి వేళ్ళ కణుపుల మీద ‘ప్రేమ’ అనీ, ఎడమచేతి మీద ‘ద్వేషం’ అనీ ఇంగ్లీషులో పచ్చబొట్లు. ఒక్కో వేలికి ఒక్కో అక్షరం.

ఇంజనీరు పాస్టరు ఎందుకయ్యాడు?

పవెల్ గాల్లోంచి పుట్టినవాడు కాదు. 1931లో వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్ దగ్గర, క్వయట్ డెల్ అనే పల్లెలో ఒక గ్యారేజీ పక్కన కాలవ తవ్వితే ఐదు శవాలు బయటపడ్డాయి. ఇద్దరు ఆడవాళ్ళు, ముగ్గురు పిల్లలు. ఆ పిల్లలు ముగ్గురూ వాళ్ళలో ఒకావిడ బిడ్డలే. చంపినవాడు హ్యారీ పవర్స్, నెదర్లాండ్స్ నుంచి వలసొచ్చినవాడు. పెళ్ళి సంబంధాల సంస్థల ద్వారా ఒంటరి ఆడవాళ్ళ చిరునామాలు సంపాదించి, మారుపేరుతో తీయని ఉత్తరాలు రాసి, రప్పించి, డబ్బు చేజిక్కించుకుని చంపేవాడు. అతణ్ణి పెట్టిన జైలు మీదికి జనం విరుచుకుపడితే బాష్పవాయువు వదలాల్సి వచ్చింది. కోర్టు హాలు చాలక విచారణ నాటకాల థియేటర్లో పెట్టారు. జడ్జి, నిందితుడు, సాక్షులు అందరూ స్టేజీ మీద, జనం కింద కుర్చీల్లో. 1932 మార్చి 18న మౌండ్స్‌విల్ జైల్లో ఉరితీశారు.

ఆ మౌండ్స్‌విల్‌లోనే 1919లో పుట్టాడు డేవిస్ గ్రబ్. ఈ గొడవ జరిగేనాటికి పన్నెండేళ్ళ కుర్రాడు. ఊళ్ళో అంతెత్తు రాతిగోడల జైలు, దాని చుట్టూ అల్లుకున్న కబుర్లు. 1953లో రాసిన నవలలో హ్యారీ పవర్స్‌ని హ్యారీ పవెల్ చేశాడు. పేరులో ఒకటి రెండు అక్షరాలే మారాయి గాని, వేషం మాత్రం పూర్తిగా మార్చేశాడు.

అసలు పవర్స్ ఎన్నడూ బైబిలు పట్టుకు తిరగలేదు. ఆడవాళ్ళకి రాసిన ఉత్తరాల్లో తనని తాను డబ్బున్న సివిల్ ఇంజనీరుగా చెప్పుకున్నాడు. ఇంజనీరుకి పాస్టరు కోటు తొడిగింది గ్రబ్. నాకైతే నవల మొత్తంలో పెద్ద ఎత్తుగడ ఇదే అనిపిస్తుంది. ఇంజనీరునని చెప్పుకునేవాడు ఒక్కొక్క ఆడదాన్నీ విడివిడిగా మోసం చెయ్యాలి. ఉత్తరం రాయాలి, జవాబు కోసం చూడాలి, మళ్ళీ రాయాలి. పాస్టరుకి ఆ బాధ లేదు. ఊళ్ళోకి నడిచొస్తే చాలు, మిగతా పని ఊరే చేసిపెడుతుంది.

కరువు రోజుల్లో ఆ నదీతీరపు పల్లెలకి ఊరూరా తిరిగే ప్రబోధకులు కొత్త కాదు. డేరా వేసి, పాటలు పాడించి, పాపాలు ఒప్పించి, కానుకలు పట్టి మరో ఊరికి పోయేవాళ్ళు. వాళ్ళలో నిజాయితీపరులే ఎక్కువమంది ఉండొచ్చు. కానీ ఎక్కడ చదివావు, ఏ సంఘం పంపింది అని అడిగే ఆనవాయితీ లేదు. పవెల్‌ని జైల్లో బెన్ అడుగుతాడు, నీది ఏ మతమని. దేవుడూ నేనూ కలిసి మా ఇద్దరికీ సరిపడేట్టు ఒకటి ఏర్పాటు చేసుకున్నామంటాడు పవెల్. జైలు దాటాక మళ్ళీ ఆ ప్రశ్న వేసినవాళ్ళు లేరు.

> పాదిరి విలన్ కాకూడదు!
>
> 1930లో హాలీవుడ్ తనకి తాను రాసుకున్న నీతి నియమావళిలో ఒక షరతుంది: మత బోధకుల్ని, బోధకులుగా ఉన్నంతవరకు, హాస్యగాళ్ళుగానూ దుర్మార్గులుగానూ చూపించకూడదు. 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. విక్టర్ హ్యూగో 1831 నాటి నవలలో ఎస్మెరాల్డాని వేధించే ఫ్రోలో చర్చి పెద్ద. 1939 సినిమాలో అతణ్ణి జడ్జిగా మార్చి, చర్చి అధికారిని మంచివాణ్ణి చేశారు. ఆ సినిమాలో గూనివాడు క్వాజిమోడోగా వేసిన నటుడు చార్ల్స్ లాటన్. పదహారేళ్ళ తరువాత పవెల్ కథకి దర్శకుడు కూడా ఆయనే! పవెల్‌కి పట్టాగాని, చర్చిగాని లేకపోవడం ఇక్కడ అక్కరకొచ్చింది. 1996లో డిస్నీ బొమ్మల సినిమా తీసేనాటికి ఆ నియమావళి పోయి ముప్పై ఏళ్ళు కావస్తోంది. అయినా ఫ్రోలో జడ్జిగానే మిగిలాడు.

ఐస్‌క్రీం కొట్టులో పంచాయితీ

నీడ కనబడ్డ మర్నాడు జాన్ ఊళ్ళో ఐస్‌క్రీం కొట్టుకి వెళ్తాడు. వాళ్ళమ్మ విల్లా అక్కడే పనిచేస్తుంది. కొట్టు యజమానులు వాల్ట్, ఐసీ దంపతులు. లోపల అందరి మధ్యా టోపీవాడు. జైల్లో మీ నాన్నగారిని ఎరుగుదును, పాపం, అంటున్నాడు. ఐసీ కళ్ళు చెమ్మగిల్లాయి.

జాన్ చూపు ఆయన వేళ్ళ మీద పడుతుంది. అది ఆయన కనిపెడతాడు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి కథ చెబుతాను వింటావా బాబూ అంటాడు. కయీను తమ్ముణ్ణి చంపింది ఎడమచేత్తో. కుడిచేతి నరాలు ఆత్మ దాకా పోతాయి. అని, రెండు చేతుల వేళ్ళూ పెనవేసి తనతో తనే కుస్తీ పట్టడం మొదలెడతాడు. ఎడమది గెలుస్తోంది, కుడిది వంగిపోతోంది, అదిగో ప్రేమ పుంజుకుంది, అదిగో ద్వేషం టేబుల్‌కి కరుచుకుంది! రాబర్ట్ మిచమ్ ఈ ముక్క చేస్తుంటే సంతలో గారడీవాణ్ణి చూస్తున్నట్టుంటుంది. గొంతు పెరుగుతుంది, తగ్గుతుంది, చివరికి కుడిచెయ్యి గెలుస్తుంది. ఇంత బాగా చెప్పగా ఎన్నడూ వినలేదని ఐసీ పొంగిపోతుంది. పెర్ల్ ఆయనకి అప్పుడే మాలిమి అయిపోయింది. బొమ్మ దాని చంకలోనే ఉంది.

నవ్వనిది జాన్ ఒక్కడే.

ఇక్కడ ఐసీ గురించి ఆగి చెప్పాలి. సినిమాలో నాకు పవెల్ కంటే ఎక్కువ గుర్తుండేది ఆవిడే. మంచి మనిషి. నలుగురికీ వండిపెడుతుంది, నలుగురి సంగతులూ పట్టించుకుంటుంది. విల్లాకి తోడు కావాలి, పిల్లలకి తండ్రి కావాలి, దేవుడే పంపాడు ఈయన్ని అని ఆవిడే తేల్చేస్తుంది. ఆదివారం పిక్నిక్ పెట్టించి, విల్లాని ఆయన పక్కకి తోసేది ఆవిడే. మన వీధిలో ఉండదూ, పెళ్ళిళ్ళ సీజన్లో ఫోను కింద పెట్టని అత్తయ్య, అచ్చం ఆవిడే! ఆవిడ మనసులో కల్మషం లేదు. ఆ కల్మషం లేకపోవడమే పవెల్‌కి పెట్టుబడి.

విల్లాకి ఒకే ఒక్క అనుమానం: ఈయన డబ్బు కోసం రాలేదు కదా? దానికి పవెల్ వేసిన ఎత్తు చూడండి. డబ్బు నదిలో రాయి కట్టి పారేశానని బెన్ తనతో చెప్పాడంటాడు. ఆవిడ గుండెల మీంచి బరువు దిగిపోతుంది. డబ్బు లేదని తెలిసీ నన్ను చేసుకుంటానంటున్నాడంటే ఇంకేం కావాలి!

పెళ్ళిరాత్రి ఆవిణ్ణి అద్దం ముందు నిలబెట్టి, నీ ఒళ్ళు పిల్లల్ని కనడానికే గాని మగాడి కోరిక తీర్చడానికి కాదని మందలిస్తాడు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయి, తనని పరిశుద్ధం చెయ్యమని దేవుణ్ణి వేడుకుంటుంది. కొద్దిరోజులకే కాగడాల వెలుగులో సంఘం ముందు నిలబడి, బెన్ దొంగతనానికి తన షోకులే కారణమని ఆవిడే కేకలు పెట్టి ఒప్పుకుంటుంది. కత్తి ఇంకా జేబులోనే ఉంది. సగం చావు అప్పటికే అయిపోయింది.

నది అడుగున జుట్టు

తరువాత జరిగేది చెప్పడం కంటే చూడడం మేలు. పడకగది పైకప్పు రెండు వైపులా వాలి చర్చిలా ఉంటుంది. విల్లా మంచం మీద చేతులు ముడుచుకుని వెల్లకిలా పడుకుని ఉంది. పవెల్ కత్తి ఎత్తుతాడు. ఆ తరువాతి సంగతి మనకి నది చెబుతుంది. గాలం వేస్తున్న ముసలి బర్డీ నీళ్ళలోకి వంగి చూస్తే అడుగున పాత ఫోర్డు కారు, స్టీరింగు దగ్గర విల్లా, గొంతు దగ్గర కోత. నాచుతోపాటు ఆవిడ జుట్టు కూడా మెల్లగా ఊగుతోంది. స్టూడియో తొట్టెలో, షెల్లీ వింటర్స్ పోలికలతో చేసిన మైనపు బొమ్మతో తీశారట. ఆ సంగతి తెలిశాక కూడా ఒళ్ళు జలదరించడం మానలేదు.

బర్డీ ఎవరికీ చెప్పడు. నేరం తన మీదకొస్తుందని భయపడి తాగి పడిపోతాడు. ఊళ్ళో మాత్రం పవెల్ కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడు: నా భార్య నన్ను విడిచి పోయింది. ఐసీ కూడా ఏడుస్తుంది, ఆయన కోసం.

పిల్లలు తండ్రి పడవెక్కి నదిలో పడి పారిపోతారు. చేతికందినట్టే అంది జారిపోయిన పడవని చూసి పవెల్ నడుంలోతు నీళ్ళలో నిలబడి ఒక అరుపు అరుస్తాడు. మనిషి గొంతు కాదది, ఉచ్చులో పడ్డ జంతువుది. అక్కణ్ణించి సినిమా కాసేపు చందమామ కథలోకి జారుతుంది. సాలెగూడు, కప్ప, కుందేళ్ళు ముందు. వాటి వెనక నదిలో చిన్న పడవ. ఓ రాత్రి పశువుల కొట్టంలో తలదాచుకుంటే దూరంగా అదే చర్చిపాట. దిగంతం అంచున గుర్రం మీద టోపీ నీడ. వీడు నిద్రపోడా అనుకుంటాడు జాన్. ఆ దృశ్యంలో దూరం చూపించడానికి మిచమ్ బదులు పొట్టి మనిషిని చిన్న గుర్రం మీద కూర్చోబెట్టారు.

> ఆడని సినిమా
>
> దర్శకుడిగా లాటన్ తీసిన సినిమా ఇదొక్కటే. విడుదలైనప్పుడు జనం రాలేదు, విమర్శకులూ పెద్దగా మెచ్చలేదు. ఆయన మళ్ళీ కెమెరా వెనక్కి వెళ్ళలేదు, 1962లో పోయాడు. స్క్రిప్టు రాసిన జేమ్స్ ఏజీ విడుదలకి ముందే కన్నుమూశాడు. 1992లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారం దీన్ని భద్రపరచాల్సిన సినిమాల్లో చేర్చింది. 2003లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వేసిన విలన్ల జాబితాలో పవెల్ 29వ వాడు. 28వ వాడు ‘కేప్ ఫియర్’లో మ్యాక్స్ కేడీ. అదీ మిచమే! 1989లో స్పైక్ లీ ‘డూ ది రైట్ థింగ్’లో ప్రేమ-ద్వేషం కుస్తీని బ్రూక్లిన్ వీధిలోకి తెచ్చాడు.

నిజంగానే అంగీ ఉన్నవాడు

పవెల్ దొంగ పాస్టరు కాబట్టి ఊరుకోవచ్చు. మరి పట్టాభిషేకం అయిన పాదిరే హంతకుడైతే? అదీ జరిగింది.

1913 సెప్టెంబరులో న్యూయార్క్ పక్కన హడ్సన్ నదిలో ఒక స్త్రీ శరీరభాగాలు కొట్టుకొచ్చాయి. పోలీసులకి దొరికిన ఆధారం ఒక దిండు గలీబు, దానిమీద తయారీదారు చీటీ. ఆ చీటీ పట్టుకుని తయారుచేసిన చోటికి, అక్కణ్ణించి అమ్మిన దుకాణానికి, అక్కణ్ణించి సరుకు చేరవేసిన అద్దెవాటాకి వెళ్ళారు. అక్కడ దొరికిన ఉత్తరాల వెంట నడిస్తే హార్లెంలో సెయింట్ జోసెఫ్ చర్చి తలుపు దగ్గర తేలారు. అక్కడి సహాయక గురువు హాన్స్ ష్మిట్ నేరం ఒప్పుకున్నాడు. చనిపోయినావిడ పేరు ఆనా. ఆయన అంతకుముందు పనిచేసిన చర్చి నివాసంలో పనిమనిషి, ఆస్ట్రియా నుంచి వలసొచ్చిన అమ్మాయి. ఆయనే గురువై, ఆయనే వరుడై రహస్యంగా పెళ్ళి జరిపించుకున్నాడు. ఆమె గర్భవతి. ఆయనకి మరో వాటా కూడా ఉంది, అక్కడ దొంగనోట్లు అచ్చువేసే సరంజామా దొరికింది.

బలి ఇమ్మని దేవుడి గొంతు చెప్పిందన్నాడు. మతి లేదన్నారు లాయర్లు. మొదటి జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, రెండోది దోషి అంది. అప్పీలులో మాట మార్చి, పిచ్చి నటించానన్నాడు. 1915లో ఆ తీర్పు రాసింది తరువాత సుప్రీంకోర్టు జడ్జి అయిన బెంజమిన్ కార్డోజో. దేవుడు ఆజ్ఞాపించాడని నిజంగా భ్రమపడ్డవాడి మీద నేరం మోపవచ్చా అని ఆయన ఆ తీర్పులో చేసిన చర్చని న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. ష్మిట్‌కి మాత్రం ఊరట దొరకలేదు. 1916 ఫిబ్రవరి 18న సింగ్‌సింగ్ జైల్లో విద్యుత్ కుర్చీ. అమెరికాలో మరణశిక్ష అమలైన కేథలిక్ గురువు ఆయనొక్కడే.

థ్రిల్లర్‌కి కావలసినవన్నీ ఉన్నాయి ఈ కేసులో. అయినా ష్మిట్ కంటే పవెలే భయపెడతాడు నన్ను. ష్మిట్ అంగీ చాటున దాక్కున్నాడు. పవెల్ దాక్కోడు. అందరి మధ్యా నిలబడి, అందరి చేతా ఆమెన్ అనిపించుకుంటాడు.

మాయల మరాఠీ భిక్షాపాత్ర

ఇది చదువుతూ ‘మనకి కొత్తేముంది’ అనుకుంటున్నారా? నిజమే. సీతమ్మ గుమ్మంలోకి రావణుడు వచ్చింది సన్యాసి వేషంలోనే. చెరువు గట్టున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ చేసేది జపమని మనవాళ్ళు ఏనాడూ నమ్మలేదు. వేమన అయితే దొంగ గురువుల్ని కడిగిన చోట మళ్ళీ కడిగాడు.

మా నాయనమ్మ చెప్పిన బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ జంగందేవర వేషంలో భిక్షకొస్తాడు. బాలనాగమ్మ భిక్ష వెయ్యడానికి బయటికి రావడం, మంత్రదండం తగలడం, కుక్కపిల్లగా మారి వాడి వెంట పోవడం. ‘ఎందుకు బయటికొచ్చింది?’ అని నేను ప్రతిసారీ అడిగేవాణ్ణి. ‘దేవర అడిగితే వెయ్యనంటుందిట్రా పిచ్చి సన్నాసీ?’ అనేది నాయనమ్మ. 1942లో జెమినీ వారు తీసిన సినిమాలో ఆ మరాఠీ వేషం గోవిందరాజుల సుబ్బారావు కట్టారు, కాంచనమాల బాలనాగమ్మ. పెద్దవాళ్ళెవరికీ అంతుబట్టని వాడి ప్రాణం గుట్టు పట్టుకున్నది, ఏడు సముద్రాల అవతల చిలక గొంతు నులిమింది ఎవరు? ఆవిడ కొడుకు బాలవర్ధిరాజు. పసివాడు.

ఒహాయో నది ఒడ్డునా అంతే, జాన్ ఒక్కడికే తెలుసు. పిల్లలకి అంగీ కనబడదు, అంగీలో ఉన్న మనిషి కనబడతాడు. పైగా పిల్లలు చేతులకేసి చూస్తారు. మనం నమస్కారం పెట్టడానికి వంచిన తల ఎత్తేసరికి ఆ చేతులు జేబులోకి పోతాయి.

తుపాకీ పట్టుకున్న పెద్దావిడ

ఇక్కడితో ఆగితే ఇది దేవుణ్ణి నమ్మేవాళ్ళని వెక్కిరించే సినిమా అయ్యేది. లాటన్ అలా వదల్లేదు. పడవ కొట్టుకుపోయి ఆగిన చోట రేచెల్ కూపర్ అనే పెద్దావిడ ఉంటుంది. దిక్కులేని పిల్లల్ని చేరదీసి, గుడ్లూ కూరగాయలూ అమ్మి, రాత్రిళ్ళు బైబిలు కథలు చెబుతుంది. వేసింది మూకీ సినిమాల నాటి మహానటి లిలియన్ గిష్. పవెల్ గుర్రమెక్కి వస్తాడు, మళ్ళీ కుడిచెయ్యి ఎడమచెయ్యి కథ ఎత్తుకుంటాడు. ఆవిడ మధ్యలోనే ఆపేస్తుంది. ఎక్కణ్ణించి వచ్చావు, వీళ్ళమ్మ ఎక్కడుంది అని నాలుగు ప్రశ్నలు వేస్తుంది. ఊరంతా కలిసి అడగని ప్రశ్నలవి. ఈయన మా నాన్న కాదంటాడు జాన్. అవును, బోధకుడూ కాదంటుంది ఆవిడ.

ఆ రాత్రి వరండాలో కుర్చీలో, ఒళ్ళో తుపాకీ పెట్టుకుని రేచెల్. కంచె అవతల మొద్దు మీద పవెల్. వాడు తన పాట అందుకుంటాడు. కాసేపటికి ఆవిడ కూడా గొంతు కలుపుతుంది, వాడు పలకని ఏసు పేరు మధ్యలో చేర్చి. పాట ఒకటే. దాన్ని నమ్మి పాడేవాళ్ళకీ వాడుకునేవాళ్ళకీ తేడా ఆ ఒక్క మాటలో వినబడుతుంది. ఇప్పటి ఓటీటీ బాబాల కథల్లో నాకు దొరకనిది ఈ వరండా. వాటిలో భక్తులంతా వెర్రివాళ్ళు, బాబా ఒక్కడే తెలివైనవాడు. ఎదురుగా కూర్చుని అదే పాట సరిగ్గా పాడేవాళ్ళు ఉండరు.

తెల్లవారాక పోలీసులొచ్చి పవెల్‌ని నేలమీద పడేసి బేడీలు వేస్తారు. అచ్చం నాన్నని పడేసినట్టే. జాన్ తట్టుకోలేడు. బొమ్మని లాక్కొచ్చి, తీసుకో తీసుకో అని ఏడుస్తూ దానితో పవెల్‌ని బాదుతాడు. గుడ్డ చిరిగి నోట్లు గాల్లోకి లేస్తాయి. తరువాత కోర్టులో, వీడేనా మీ అమ్మని చంపింది, చెప్పు బాబూ అంటే తలెత్తడు.

కోర్టు నిండా ఊరే. ఉరితీయండి అని అందరికంటే ముందు లేచి అరిచేది ఐసీ. రాత్రికి గొడ్డళ్ళూ కాగడాలూ పట్టుకున్న గుంపు వీధిలోకొస్తుంది. దాని ముందు వాల్ట్, పక్కన ఐసీ, గొంతు చించుకుంటూ. రేచెల్ పిల్లలందరి చేతులూ పట్టుకుని పక్కసందులోంచి గబగబా నడిపించుకుపోతుంది. పవెల్‌ని పోలీసులు వెనకదారిన దాటించేశారు. గుంపుకి ఆ సంగతి ఇంకా తెలియదు. ఐసీ అరుస్తూనే ఉంటుంది.